పండుగ పూట బంతి పంచాది

సచిన్ గొప్పా, ధోనీ గొప్పా అన్న పంచాది లేని ఇల్లు మన దగ్గర ఉండదేమో. మా ఇంట్లో అయితే అది దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి పంచుకొని వచ్చాక మొదలవుతుంది. మా ఆయన ఒక మాట అంటారు, దానికి మా మరిది ఇంకో మాట అంటాడు, పిల్లలు కోహ్లీ పేరెత్తుతారు. ఇంకేముంది, వడ్డించిన అన్నం చల్లారిపోతుంది. గవాస్కర్, కపిల్ దేవ్‌ల కాలం నుంచీ వింటున్నదాన్ని కాబట్టి నాకు ఇది అలవాటే. అయితే 2024 నవంబరులో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో సరిగ్గా ఇదే పంచాది, ఇంతే పెద్ద గొంతులతో, మన కరీంనగర్ తెలుగులోనే విన్నాను. పేర్లు మాత్రం వేరు. బ్రేడీ, మోంటానా, మారినో, మహోమ్స్.

మా అమ్మాయి వాళ్లుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊళ్లో. మనవాళ్లకు ఆ ఊరంటే కార్యసిద్ధి హనుమాన్ గుడి. అక్కడివాళ్లకు ఆ ఊరంటే డాలస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఆఫీసు, వాళ్లు ప్రాక్టీసు చేసే మైదానం. దానికి ‘ద స్టార్’ అని పేరు. 2016లో తెరిచారు, అంటే మన పెద్దపల్లి దసరా నాడు జిల్లా అయిన ఏడాదే. మా అల్లుడు, అతని స్నేహితులు (మంచిర్యాల అతను ఒకరు, జగిత్యాల అతను ఒకరు) శనివారం గుడికి, ఆదివారం ఆటకు అన్నట్టు బతుకుతున్నారు. మేము వెళ్లిన సమయానికే మా వియ్యంకుడుగారు, వదినగారు కూడా గోదావరిఖని నుంచి వచ్చి ఉన్నారు. సింగరేణిలో రిటైరైన మనిషి, క్రికెట్ అంటే ప్రాణం. కాబట్టి పంచాదికి పెద్దమనిషి కూడా దొరికినట్టే.

‘ఫుట్‌బాల్ గొడవ మనకెందుకమ్మా’ అని ఈ పేజీ మూసేయకండి. వాళ్లు ఆ ఆట చూసే పండుగను దేశం మొత్తానికీ తెచ్చిపెట్టింది మనలాంటి ఒక ఆడమనిషే.

ఆమె పేరు సారా జొసీఫా హేల్. 1788లో పుట్టింది. 1822లో భర్త పోయేనాటికి ఆమెకు నలుగురు పిల్లలు, ఐదోబిడ్డ కడుపులో. అప్పటినుంచి జీవితాంతం నల్లబట్టలే కట్టుకుంది. కుటుంబాన్ని సాకడానికి కలం పట్టింది. మన పిల్లలు ఎల్‌కేజీలో పాడే మేరీ గొర్రెపిల్ల పాట రాసింది ఈమే అంటే నేను మొదట నమ్మలేదు. ‘గోడీస్ లేడీస్ బుక్’ అని ఆడవాళ్ల పత్రిక ఒకటి ఉండేది. దానికి నలభై ఏళ్లు సంపాదకురాలు. థ్యాంక్స్‌గివింగ్ అంటే పంట చేతికొచ్చాక దేవుడికి దండం పెట్టుకొని ఇంటిల్లిపాదీ కలిసి తినే పండుగ. అప్పట్లో ఒక్కో రాష్ట్రం ఒక్కో రోజు చేసుకునేది, కొన్ని చేసుకునేవే కావు. దేశమంతా ఒకే రోజు చేసుకోవాలని ఆమె ఏళ్ల తరబడి తన పత్రికలో రాసింది, గవర్నర్లకు రాసింది, ఒకరి తర్వాత ఒకరుగా అధ్యక్షులకు రాసింది. చివరికి 1863 సెప్టెంబరులో, అంతర్యుద్ధం నడుస్తుండగా, 74 ఏళ్ల వయసులో లింకన్‌కు ఉత్తరం రాసింది. వారం తిరిగేసరికి, అక్టోబరు 3న, లింకన్ నవంబరు ఆఖరి గురువారాన్ని పండుగగా ప్రకటించాడు.

ఆ గురువారం మీద తర్వాత పెద్ద గొడవే అయింది. 1939లో రూజ్‌వెల్ట్ దుకాణాల బేరాలు పెరగాలని పండుగను ఒక వారం ముందుకు జరిపాడు. సగం రాష్ట్రాలు సరే అన్నాయి, సగం కాదన్నాయి. ఒక పంచాంగం ప్రకారం నేడు, ఇంకో పంచాంగం ప్రకారం రేపు అని మనం పండుగకు కొట్టుకున్నట్టే. టెక్సాస్ వాళ్లు మాత్రం తెలివిగా రెండు గురువారాలూ చేసుకున్నారు. 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారం అని తేల్చింది.

ఇల్లంతా ఒకచోట కూర్చోవాలని ఆమె తెచ్చిన పండుగలోకి బంతి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడాయి. 1876 నుంచే కాలేజీల పెద్ద మ్యాచ్ థ్యాంక్స్‌గివింగ్ నాడు పెట్టడం మొదలైంది. 1893లో న్యూయార్క్‌లో యేల్, ప్రిన్స్‌టన్ ఆటకు దాదాపు 40,000 మంది వచ్చారు. ఆ ఇళ్లల్లో మధ్యాహ్నం భోజనం ఎన్ని గంటలకు జరిగిందో ఏ చరిత్ర పుస్తకమూ రాయదు గానీ, మనం ఊహించగలం.

1934లో జార్జ్ రిచర్డ్స్ అనే రేడియో స్టేషన్ యజమాని ఒక జట్టును కొని డెట్రాయిట్‌కు తెచ్చాడు, ‘లయన్స్’ అని పేరు పెట్టాడు. ఊళ్లో బేస్‌బాల్ పిచ్చి ఎక్కువ, ఫుట్‌బాల్‌కు జనం రారు. థ్యాంక్స్‌గివింగ్ నాడు షికాగో బేర్స్‌తో మ్యాచ్ పెట్టి, 94 రేడియో స్టేషన్లలో దేశమంతటా వినిపించాడు. లయన్స్ 19-16తో ఓడిపోయారు గానీ, మైదానం నిండిపోయింది. ఈనాటికీ ఆ పండుగ నాడు మొదటి ఆట డెట్రాయిట్‌దే. 1966లో వేరే జట్లు వెనకాడితే డాలస్ ముందుకొచ్చి రెండో ఆట పెట్టింది. మొదటి ఏడే 80,000 మందికి పైగా వచ్చారు. 2006 నుంచి రాత్రికి మూడో ఆట కూడా. 2024లో టెక్సాస్ గడియారం ప్రకారం పొద్దున పదకొండున్నరకు మొదటిది, మూడున్నరకు రెండోది, రాత్రి ఏడు దాటాక మూడోది. ఇక వంటింట్లో ఉన్నవాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? మా ఇంట్లో టర్కీకోడి లేదు, బగారన్నం, కోడికూర, గారెలు. గారెలు మాత్రం వేడిగా ఉన్నప్పుడే వేయాలి గదా. ‘హాఫ్‌టైమ్‌లో వేద్దాం’ అని మా అమ్మాయి అంటే, అదేదో ముహూర్తం అనుకున్నాను.

క్రిస్మస్ మీదికి కూడా ఆట వచ్చిందొకసారి. 1971 డిసెంబరు 25న కాన్సాస్ సిటీలో చీఫ్స్, మయామీ డాల్ఫిన్స్ ఆడారు. సమానమైంది, అదనపు సమయం ఇచ్చారు, అదీ సమానమైంది, మళ్లీ ఇచ్చారు. ఆట గడియారం ప్రకారమే 82 నిమిషాల 40 సెకన్లు. ఆ లీగ్‌లో ఇప్పటికీ అంత పొడుగు ఆట ఇంకోటి లేదు. పండుగ విందులన్నీ పాడయ్యాయని ఇళ్లల్లోంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. దెబ్బకు 1989 దాకా క్రిస్మస్ రోజున ఆట పెట్టే ధైర్యం చేయలేదు. ఆ ఫిర్యాదులు రాసిన చేతులెవరివో తలచుకుంటే నాకు మస్తు సంతోషం. ఇప్పుడా భయం పోయింది. 2024 క్రిస్మస్‌కు నెట్‌ఫ్లిక్స్‌లో రెండు ఆటలు, మధ్యలో హ్యూస్టన్‌లో బియాన్సే పాట. పాటప్పుడు మాత్రం మేమందరం సోఫాల్లో, మగవాళ్లు నేల మీద.

ఆట ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, మా అల్లుడు నాకు చెప్పినట్టే. మైదానం పొడుగు నూరు గజాలు. మనకు గజం అంటే ప్లాటు గుర్తొస్తుంది గానీ, ఇది మూడడుగుల గజం, ఒకప్పుడు బట్టల కొట్లో కొలిచిన గజం. పదకొండు మంది ఇటు, పదకొండు మంది అటు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు అవకాశాలు, పోకపోతే బంతి అవతలివాళ్లకు. అవతలి చివర దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. కబడ్డీలో కూతకు పోయినవాణ్ని పట్టి పడేసినట్టు, బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయాలి. వీళ్లందరి నడుమ నిలబడి, మూడు నాలుగు సెకన్లలో బంతి ఎవరికి ఇవ్వాలో చూసి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. గెలిస్తే దండలు అతనికే, ఓడితే తిట్లూ అతనికే. మన టీమిండియా కెప్టెన్‌కు ఉన్నంత బరువు.

మొదట్లో క్వార్టర్‌బ్యాక్‌కు ఈ వైభోగం లేదు. 1880లో యేల్ కాలేజీకి చెందిన వాల్టర్ క్యాంప్ ఆ స్థానాన్ని నియమాల్లోకి తెచ్చినప్పుడు, అతని పని బంతి అందుకొని వెనకవాడికి ఇవ్వడమే. ముందుకు విసరడం నిషేధం. కాబట్టి ఆటంతా గుంపులు గుంపులుగా ఒకరినొకరు తలలతో గుద్దుకోవడం, కుప్పలుగా పడిపోవడం. హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు. పిల్లలు చచ్చిపోయేవారు.

1897 అక్టోబరులో అట్లాంటాలో జార్జియా, వర్జీనియా విశ్వవిద్యాలయాల మ్యాచ్‌లో రిచర్డ్ వాన్ గామన్ అనే కుర్రాడు తలకు దెబ్బ తగిలి మర్నాడు పోయాడు. రాష్ట్రం అట్టుడికింది. జార్జియా శాసనసభ ఫుట్‌బాల్‌నే నిషేధిస్తూ బిల్లు పాసు చేసింది. గవర్నరు సంతకం పెట్టడమే తరువాయి. అప్పుడు ఆ పిల్లవాడి తల్లి రోసలిండ్ గామన్ ఉత్తరం రాసింది. నా కొడుకు ప్రాణంగా చూసుకున్న ఆటను అతని చావు పేరు చెప్పి ఆపవద్దు అని ఆమె కోరింది. గవర్నరు ఆట్కిన్సన్ ఆ బిల్లును తిరస్కరించాడు. ఆట బతికింది. ఆమెను అక్కడ ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. నేను మాత్రం ఈ కథ విన్న రోజు రాత్రి చాలాసేపు ఆమె గురించే ఆలోచించాను. కొడుకు పోయిన కొద్దిరోజులకే కలం పట్టుకొని, పక్కింటివాళ్ల కొడుకులు అదే ఆట ఆడుకోవచ్చు అని రాయడానికి ఎంత గుండె కావాలి? అది త్యాగమా, దుఃఖంలో కొడుకుదైన దాన్ని ఏదీ వదులుకోలేకపోవడమా? మా వదినగారు ‘నేనైతే ఆ బిల్లు నా చేతులతో మోసుకపోయి సంతకం పెట్టిస్తుంటి’ అన్నారు. నాకూ అలాగే అనిపించింది, కానీ ఆమె స్థానంలో మేము లేము.

1905 నాటికి సంగతి ముదిరింది. ఆ ఒక్క ఏడాదే 18 మందికి తక్కువ కాకుండా ఆటలో చనిపోయారని పత్రికలు లెక్కకట్టాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిచి ఆటను బాగుచేయమన్నాడు. ఆయన కొడుకు కూడా ఆ ఏడాదే హార్వర్డ్‌లో ఆడుతూ దెబ్బలు తిన్నాడు. కాలేజీలన్నీ కూర్చొని 1906లో కొత్త నియమాలు రాశాయి. గుంపుగా గుద్దుకోవడం తగ్గాలంటే ఆటగాళ్లు మైదానమంతా పరుచుకోవాలి, అలా పరుచుకోవాలంటే బంతిని ముందుకు విసరనివ్వాలి. ఆ సెప్టెంబరు 5న సెయింట్ లూయీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాడ్‌బరీ రాబిన్సన్ మొట్టమొదటి చట్టబద్ధమైన పాస్ విసిరాడు. ఇవాళ బ్రేడీ గొప్పా, మోంటానా గొప్పా అని కొట్టుకుంటున్నారంటే, ఆ విసరడం అనేదే పిల్లలు చచ్చిపోతున్నారని తెచ్చిన మార్పు. ఈ సంగతి నేను హాల్లో చెప్తే మా అల్లుడి స్నేహితులు ఒక నిమిషం ఆగి విన్నారు. ఒక్క నిమిషమే, అవతల టచ్‌డౌన్ అయింది.

ఇక అసలు పంచాది. మంచిర్యాల అబ్బాయి బ్రేడీ మనిషి. అతని వాదన అంకెల వాదన. టామ్ బ్రేడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు, ఆరు న్యూ ఇంగ్లండ్‌కు, ఒకటి టాంపా బేకు. 2000లో జట్లు ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు 198 మంది పేర్లు అయ్యాక గానీ ఇతని పేరు పిలవలేదు. 2017 ఫిబ్రవరి ఫైనల్‌లో 28-3తో వెనకబడి, 34-28తో గెలిచాడు. 45 ఏళ్ల దాకా ఆడాడు. 2022లో రిటైరవుతున్నానని చెప్పి నలభై రోజులకే మళ్లీ వస్తున్నానన్నాడు. రిటైరైన మగవాళ్లను ఇంట్లో చూసినవాళ్లం కాబట్టి మా వదినగారికీ నాకూ ఆ సంగతి వివరించనక్కరలేకపోయింది.

జగిత్యాల అబ్బాయి మోంటానా మనిషి. అతను పుట్టకముందే ఆడిన ఆటలను యూట్యూబులో చూసి భక్తుడయ్యాడు. జో మోంటానా నాలుగు ఫైనళ్లు ఆడి నాలుగూ గెలిచాడు, ఆ నాలుగింట్లో ఒక్క బంతి కూడా అవతలివాడి చేతికి విసరలేదు. 1989 జనవరి ఫైనల్‌లో మూడు నిమిషాల చిల్లర మిగిలింది, పోవలసింది 92 గజాలు, జట్టు ఓడిపోతోంది. అందరూ వణుకుతుంటే ఇతను ప్రేక్షకుల్లోకి చూపించి ‘అటు చూడండి, సినిమా నటుడు జాన్ క్యాండీ కూర్చున్నాడు’ అన్నాడట. తర్వాత ఆ 92 గజాలూ తీసుకెళ్లి 34 సెకన్లుండగా గెలిపించాడు. ఇంటి నిండా చుట్టాలు, పప్పు మాడింది, గ్యాసు అయిపోయింది, అయినా నవ్వుతూ వడ్డించే పెద్దమ్మలు మనకు తెలుసు గదా. నా ఓటు మోంటానాకే పడింది, ఆ ఒక్క కారణంతోనే.

మా వియ్యంకుడుగారు అన్నీ విని, ‘ఫైనల్ గెలవనోడు ఎవడన్న ఉన్నడా మీ లిస్టుల?’ అని అడిగారు. డాన్ మారినో అని చెప్పారు. 1984 ఒక్క సీజన్‌లో 5,084 గజాల పాస్‌లు విసిరాడు, అంతకుముందు ఎవరూ 5,000 దాటలేదు. కానీ ఒక్కసారే ఫైనల్‌కు వెళ్లాడు, అక్కడ మోంటానా చేతిలో 38-16తో ఓడాడు. మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు. ‘అయితే నాకు ఆయనే కావాలె’ అన్నారు అన్నయ్యగారు. ఎందుకంటే ఆయన లక్ష్మణ్ మనిషి. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద మన హైదరాబాద్ లక్ష్మణ్ 281 కొట్టాడు. కానీ అతనికి ఒక్క వరల్డ్‌కప్ మ్యాచ్ ఆడే అవకాశం కూడా రాలేదు. కప్పులు లెక్కబెట్టి మనిషిని తూచేవాళ్లతో అన్నయ్యగారు ఇరవై ఏళ్లుగా కొట్లాడుతున్నారు. ఆయనకు భాష రాని దేశంలో, నియమాలు తెలియని ఆటలో, అరగంటలో తన మనిషి దొరికాడు.

నేను ఇంకో పేరు వేశాను. డగ్ విలియమ్స్. చాలాకాలం ఆ దేశంలో నల్లవాళ్లను క్వార్టర్‌బ్యాక్‌గా ఆడనిచ్చేవారు కాదు. పరుగెత్తడానికి పనికొస్తారు, ఆలోచించడానికి కాదు అన్న లెక్క. కాలేజీలో ఆ స్థానంలో ఆడినవాణ్ని కూడా పెద్ద లీగ్‌కు రాగానే వేరే స్థానానికి మార్చేవారు. విలియమ్స్ 1988 జనవరి 31న వాషింగ్టన్ జట్టును ఫైనల్‌లో 42-10తో గెలిపించాడు. ఒక్క రెండో పావులోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు. అంతకుముందు రోజే అతని పంటికి రూట్‌కెనాల్ చేశారు! పన్ను నొప్పితో పండుగ వంట చేసినవాళ్లు ఎవరైనా ఈ మనిషికి దండం పెడతారు. ఆ తర్వాత ఫైనల్‌లో రెండు జట్లకూ నల్లవాళ్లే క్వార్టర్‌బ్యాక్‌లు కావడానికి 2023 దాకా పట్టింది. అప్పుడు గెలిచినవాడే మహోమ్స్, మా మనవడి దేవుడు. మూడు కప్పులు ఉన్నాయి, నాలుగోదానికి ఈ 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా చేతిలో 40-22తో చిత్తయ్యాడు. మనవడు రెండు రోజులు ఫోను ఎత్తలేదు.

ఇంతకీ ఆ గురువారం మధ్యాహ్నం డాలస్ ఆటలో అసలు క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ లేడు, తొడ కండరం దెబ్బతింది. కూపర్ రష్ అనే బదులు ఆటగాడితోనే 27-20తో న్యూయార్క్ జెయింట్స్ మీద గెలిచారు. ఇల్లంతా కేకలు. గారెలు రెండో వాయి కూడా అయిపోయాయి. రాత్రి ఆట గ్రీన్ బేలో, చలిలో. మయామీ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ టువా టగోవైలోవా. అతను తెరమీదికి రాగానే మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అప్పటిదాకా ఒక్క ఆటా చూడలేదు.

2022 సెప్టెంబరు 29న ఈ టువా సిన్సినాటీలో వెనక్కి పడి తల నేలకు కొట్టుకుంది. చేతివేళ్లు బిగుసుకుపోయి వంకరగా ముఖం ముందు ఆగిపోయాయి. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. దానికి నాలుగు రోజుల ముందు ఆటలో కూడా తూలి పడ్డాడు. 2024 సెప్టెంబరు 12న మళ్లీ తలకు దెబ్బ, మళ్లీ కొన్ని వారాలు విరామం. మేము చూస్తున్న రాత్రికి మళ్లీ వచ్చి ఆడుతున్నాడు. అతను పడిన ప్రతిసారీ మా అమ్మాయి చేయి నా భుజం మీద బిగుసుకుంది. మనవడు ఆరో తరగతి. టెక్సాస్ బడుల్లో ఏడో తరగతి నుంచి అసలైన ఫుట్‌బాల్, అంటే పట్టి పడేసే ఆట, మొదలవుతుంది. వాడు చేరతానంటున్నాడు. వాళ్ల నాన్న చేరనీ అంటాడు. ఇంట్లో గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఎవరన్న పంచాది నవ్వులతో నడుస్తుంది గానీ, ఇంకో పంచాది గొంతు తగ్గించి, తలుపు వేసుకొని నడుస్తోందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నేనే అల్లుణ్ని అడిగి తెలుసుకున్నాను. డాలస్‌వాళ్లు నెత్తిన పెట్టుకునే ట్రాయ్ ఎయిక్‌మన్ మూడు కప్పులు గెలిచాడు. 1994 జనవరిలో సెమీఫైనల్ లాంటి ఆటలో తలకు మోకాలు తగిలింది. ఆ రాత్రి ఆస్పత్రి గదిలో, మనం గెలిచామా, నేను బాగా ఆడానా అని అడిగాడు. చెప్పారు, సంతోషపడ్డాడు. కొద్ది నిమిషాలకు మళ్లీ అవే ప్రశ్నలు అడిగాడు. మళ్లీ చెప్పారు. మళ్లీ అడిగాడు. పక్కన కూర్చున్న అతని ఏజెంటు లీ స్టైన్‌బర్గ్ ఈ సంగతి చాలాసార్లు చెప్పాడు. వారానికే ఎయిక్‌మన్ ఫైనల్ ఆడి గెలిచాడు. ఆ ఆట గెలిచాడని టీవీలో చూపిస్తారు, ఆ గది గురించి తక్కువ చెప్తారు.

2002లో పిట్స్‌బర్గ్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ యాభై ఏళ్లకే, మతి చెదిరి, ఇల్లూ వాకిలీ లేనివాడిలా తిరిగి చనిపోయాడు. అతని మెదడును పరీక్షించినవాడు నైజీరియా నుంచి వచ్చిన డాక్టరు బెనెట్ ఒమాలు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బల వల్ల మెదడు లోపల పాడవుతుందని 2005లో రాశాడు. దాన్ని సీటీఈ అంటారు. మతిమరుపు, కోపం, దిగులు దాని లక్షణాలు. బతికుండగా ఖాయంగా తేల్చే పరీక్ష లేదు, పోయాక మెదడు కోసి చూడాల్సిందే. లీగ్ పెద్దలు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. 2016లో గానీ వాళ్ల అధికారి ఒకరు సంబంధం ఉందని నోరు విప్పి చెప్పలేదు. 2017లో ఆ లీగ్‌లో ఆడిన 111 మంది మెదళ్లు చూస్తే 110 మందిలో ఈ జబ్బు ఉంది. అయితే అవన్నీ అనుమానంతో కుటుంబాలు ఇచ్చిన మెదళ్లు, కాబట్టి ఆడినవాళ్లందరిలో అంత ఉంటుందని చెప్పలేం. ఇది మా అల్లుడి మాట, న్యాయమైన మాటే. ఒక్క పెద్ద దెబ్బ కంటే ఏళ్ల పాటు పడే చిన్న చిన్న దెబ్బలే ఎక్కువ చేటు అన్నది డాక్టర్ల మాట. ఎన్ని ఏళ్లు ఆడితే అంత ముప్పు. ఇది మా అమ్మాయి మాట.

అక్కడ బడిలో ఏ ఆటకైనా చేరాలంటే తల దెబ్బల గురించి ఒక కాగితం ఇస్తారు. 2011 నుంచి టెక్సాస్‌లో అది చట్టం. పిల్లవాడూ, ఇంటివాళ్లూ చదివి ప్రతి ఏడాదీ సంతకం పెట్టాలి. దెబ్బ తగిలినట్టు అనుమానం వస్తే ఆట ఆపి, డాక్టరు రాసిచ్చేదాకా ఆడనివ్వకూడదు. మన దగ్గర కబడ్డీ ఆడి నెత్తి పగిలితే పసుపు అద్ది మళ్లీ బరిలోకి పంపిన కాలం నాకు గుర్తుంది కాబట్టి, ఆ కాగితాన్ని నేను చిన్నచూపు చూడను.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. ఫ్లాగ్ ఫుట్‌బాల్ అని, నడుముకు రెండు పట్టీలు కట్టుకుంటారు. పట్టి పడేయడం ఉండదు, పట్టీ లాగేస్తే పడినట్టే లెక్క. అయిదుగురు అయిదుగురు ఆడతారు, విసరడం, పట్టడం, పరుగెత్తడం అన్నీ ఉంటాయి. ఆడపిల్లల జట్లు కూడా పెరుగుతున్నాయి. 2023 అక్టోబరులో ఒలింపిక్ కమిటీ మన ముంబయిలోనే సమావేశమై, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌నూ ఈ ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నూ ఒకేసారి చేర్చింది, రెండింట్లోనూ మగవాళ్లకూ ఆడవాళ్లకూ పోటీలు. వియ్యంకుడుగారికి క్రికెట్ టికెట్టు, మనవడికి ఫ్లాగ్ టికెట్టు అని ఇప్పటినుంచే బేరాలు నడుస్తున్నాయి.

వాడు ఈ వసంతకాలం ఫ్లాగ్ ఆడుతున్నాడు, క్వార్టర్‌బ్యాక్‌గానే. మొన్న ఫోనులో ‘అమ్మమ్మా, నాలుగు టచ్‌డౌన్లు విసిరిన’ అన్నాడు. డగ్ విలియమ్స్ అంత అన్నాను, ఎవరాయన అని అడిగాడు. పడేసే ఆట మీద మనసు మాత్రం పోలేదు, వాడి స్నేహితులందరూ అందులోనే చేరుతున్నారు. ఆగస్టులో బడి తెరిస్తే ఆ కాగితం ఇంటికొస్తుంది. దాని మీద తల్లీ తండ్రీ ఇద్దరూ పెట్టక్కరలేదు, ఒక్కరి సంతకం చాలు. నేను పెట్టను అని మా అమ్మాయి చెప్పింది. అల్లుడు ఏ మాటా చెప్పలేదు.